తకారము లేని వాంగ్మూలం

మా కార్యాలయంలో పుస్తకాలకు అట్టలు కట్టే పెద్దమనిషిని అందరూ జిగురాయన అనేవారు. ఆయనకు వేరే పేరు లేకపోలేదు. హాజరు పట్టీలో అది సక్రమంగానే నమోదై ఉండేది. అయితే ఆయన గదిలో అడుగుపెట్టిన వారిని ఆయన కంటే ముందుగా ఉడికిన పిండి జిగురు వాసన పలకరించేది కనుక, ఆ పేరే స్థిరపడింది. ఆయన కూడా దానికే పలికేవారు.

ఆ గది మూడో అంతస్తులో, నడవా చివరన ఉండేది. ఉత్తరం వైపు ఒక్క కిటికీ. దాని అద్దం ఏళ్ళ తరబడి కాగితపు నలుసు పట్టి పాలమీగడ రంగుకు తిరిగింది. మధ్యాహ్నం వేళ ఆ అద్దం గుండా వచ్చే వెలుతురు ఎండలా ఉండేది కాదు, ఎండను గురించి ఎవరో మెల్లగా చెబుతున్నట్టు ఉండేది. ఒక కుట్టు చట్రం, ఒక కోత యంత్రం, పుటలు ఎగిరిపోకుండా పెట్టే ఇనుప దిమ్మ, మైనం పట్టించిన దారపు ఉండలు. భోజనం మాత్రం ఆయన గోడవైపు తిరిగి చేసేవారు. మెతుకు రాలితే పురుగు చేరుతుందని, పురుగుకు మంచి పుస్తకం, చెడ్డ పుస్తకం అనే విచక్షణ లేదని అనేవారు.

ఆ విచక్షణ చేయడమే మా కార్యాలయం పని. ఎవరైనా ఒక పుస్తకం మీద ఫిర్యాదు చేస్తే అది మా దగ్గరకు వచ్చేది. ముగ్గురు సభ్యులు దానిని పరిశీలించి, జనం చేతిలో ఉండదగినదో కాదో తేల్చేవారు. కాదని తేలితే ప్రతులన్నీ పోగుచేసి గుజ్జు చేసేవారు. ఆ ఉత్తర్వులకు శుద్ధప్రతులు రాయడం నా ఉద్యోగం. ముప్ఫైయారు సంవత్సరాలుగా రాస్తున్నాను.

జిగురాయన ఉద్యోగ విరమణ వయసు దాటి నాలుగేళ్ళయింది. ఏడాదికొకసారి అధికారి సంతకంతో వచ్చే పొడిగింపు ఉత్తరం మీద ఆయన కొనసాగేవారు. ఆయన కోరుకున్నది ఆ గది ఒక్కటే. పెళ్ళి చేసుకోలేదు, స్నేహితుల ఇళ్ళకు పోయేవారు కాదు, సెలవు రోజున ఏం చేయాలో పాలుపోక ఇంట్లో చెప్పుల అరను మళ్ళీ మళ్ళీ సర్దేవారు. ఆ ఉత్తరం చేతికందిన రోజున మాత్రం పనిచేస్తూ కూనిరాగం తీసేవారు. రాగం కుదిరేది కాదు. ఎవరూ ఏమీ అనేవారు కాదు.

విడి పుటలను వరుసలో కూర్చేటప్పుడు ఆయన పాటించే పద్ధతి ఒకటుంది. ముందు పుట అడుగున ఉన్న అంకె చూసేవారు. ఆ పైన, పుట చివరి మాటను తరువాతి పుట మొదటి మాటతో కలిపి పెదవుల మీద పలికేవారు. "తలుపు... తెరిచి." "నాకు... భయం." రెండూ అతికితే వరుస సరిగ్గా ఉన్నట్టు. పుట మధ్యలో ఉన్నదానిని ఆయన ఎన్నడూ చదవలేదు. అది తన పని కాదని ఆయన గట్టి నమ్మకం. కానీ మనసు ఊరుకుంటుందా? వెలుతురు పల్చబడే వేళ, చేతులు తమంతట తాము దారం లాగుతుండగా, ఆ అంచుల మాటల నుంచి ఆయన ఏదో అల్లుకుంటూ ఉండేవారు.

"ఆ పుస్తకం ఎలా ఉంది?" అని ఒకనాడు అడిగాను.

"బాగుంది బావగారూ. ఒకామె రైలు దిగింది. ఎవరో వద్దన్నారు. చివరికి వాన పడింది."

"మరి మధ్యలో?"

"మధ్యలో నేనున్నాను," అన్నారు సూది నుంచి కళ్ళెత్తకుండా.

మా ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేదు. తనకంటే ఎక్కువగా జుట్టు తెల్లబడిన మగవాళ్ళందరినీ ఆయన బావగారూ అనేవారు, అంతే.

ఇప్పుడు ఒక నియమం గురించి చెప్పాలి. నిషేధపు ఉత్తర్వు చెల్లుబాటు కావడానికి సభ్యుల మూడు సంతకాలు చాలవు. ఒక సామాన్య పాఠకుని వాంగ్మూలం కూడా జతపడాలి. ఆ పాఠకుడు పండితుడు కారాదు, అధికారి కారాదు, రచయిత అసలే కారాదు. అచ్చు వేయించిన ఆ పత్రంలో ఉన్నది ఇది: "నేను సామాన్య పాఠకుడను. ఈ పుస్తకమును ఆమూలాగ్రముగ చదివితిని. చదివిన పిదప నాకు కలత కలిగినదని ఇందుమూలముగ తెలియజేయుచున్నాను." మొదట్లో ఇందుకోసం వీధిలోకి వెళ్ళి మనుషులను పిలుచుకొచ్చేవారట. పుస్తకం చదివి కలత చెందే తీరిక ఎవరికీ లేకపోయింది. అప్పుడు ఎవరి చూపో నడవా చివరి గది మీద పడింది. ఆ విధంగా జిగురాయన సామాన్య పాఠకుడయ్యారు. పందొమ్మిది పుస్తకాలకు సంతకం చేశారు. ఒక్కటీ చదవలేదు. చదవాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు, పత్రం తప్ప.

ఆయన అక్కగారు బట్టలు కుట్టేది. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండేవారు. తమ్ముడి ఈ రెండో ఉద్యోగం గురించి ఆమెకు తెలుసు.

"ఏరా, ఇవాళ కలత చెందావా?" అని గుమ్మంలోనే అడిగేది.

"ఒక్కసారి చెందానక్కా."

"ముఖం చూస్తే అలా లేదే. పొద్దున్న పెట్టిన డబ్బా ఖాళీగానే తెచ్చావు."

"కలత వేరు, ఆకలి వేరు."

"నేను కుట్టింది విప్పితే లోపల మనిషైనా ఉంటాడు. నువ్వు కుట్టింది విప్పితే దుమ్ము. ఆ దుమ్ముకు భయపడి నీచేత సంతకాలు పెట్టించుకునే వాళ్ళను ఏమనాలో నాకు తెలియదు. కాళ్ళు కడుక్కో పో."

ఇరవయ్యో పుస్తకం ఒక సోమవారం వచ్చింది. పల్చటిది. రాసినాయన ఊరూ పేరూ ఎవరూ విననివి. మిగిలిన ప్రతులన్నిటినీ, తీర్పు రాకముందే, ఎవరి తొందర వల్లనో గుజ్జు చేసేశారు. ఈ ఒక్కటి మిగిలింది. అట్ట ఊడి, అంచులు చెమ్మకు ఉబ్బి ఉంది. ముగ్గురు సభ్యులు చేతులు మార్చుకుని చదవాలి కనుక, శుక్రవారానికి దీనిని గట్టిగా కుట్టి ఇవ్వమని అధికారి కబురు పంపారు.

అతి మామూలు పని. జిగురాయన పాత కుట్టు విప్పారు. డెబ్బైరెండు కాగితాలు. ఉబ్బిన అంచులను సమం చేయడానికి దొంతరను కోత యంత్రంలో పెట్టారు. మధ్యాహ్నం. జిగురు గిన్నె మెల్లగా ఉడుకుతోంది. కళ్ళు మూతపడుతున్నాయి. పిడి దింపారు. ఎప్పుడూ తీసేదాని కంటే వేలి మందాన ఎక్కువ తెగింది. చవక అచ్చు కావడం వల్ల పుటల అంకెలు అడుగు అంచుకు ఆనుకుని ఉన్నాయి; అవన్నీ సన్నటి పేలికలుగా బుట్టలో రాలిపోయాయి. ఆ సంగతి ఆయన గమనించేలోగానే గాలికి కిటికీ రెక్క తెరుచుకుంది. ఇనుప దిమ్మ ఇంకా నేల మీదే ఉంది.

నేను ఏదో ఉత్తరం పట్టుకుని వెళ్ళేసరికి గది నిండా కాగితాలు దిగుతున్నాయి. కొన్ని పైకప్పు దాకా లేచి, అక్కడ ఏదో గుర్తుకు తెచ్చుకుంటున్నట్టు కాసేపు ఆగి, తిరిగి తిరిగి కిందికి వస్తున్నాయి. ఆయన బల్ల ముందు కూర్చుని వాటివైపే చూస్తున్నారు. లేచి పట్టుకోవాలని తోచలేదని తరువాత చెప్పారు. చాలా అందంగా ఉన్నాయట.

"ఏమిటిది?" అన్నాను.

"కొంప మునిగింది బావగారూ. అంకెలు తెగిపోయాయి."

"బుట్టలో ఉన్నాయిగా?"

"అంకెలు బుట్టలో ఉన్నాయి. ఏ అంకె ఏ కాగితానిదో ఎవరు చెబుతారు?"

"మీ అంచుల మాటలున్నాయి కదా."

"చూశాను. ఈ మహానుభావుడు పదకొండు పుటలు 'అని'తో ముగించాడు. 'అని' దేనికైనా అతుకుతుంది." ఒక కాగితం ఆయన భుజం మీద వాలింది. దానిని తీసి, వెలుతురుకు ఎత్తి పట్టుకున్నారు. "ఇక చదవాల్సిందే," అన్నారు, తనకేదో జబ్బు చేసిందని ఒప్పుకుంటున్న మనిషిలా.

మూడు రోజులు చదివారు. వేలు పెట్టి, వాక్యం వాక్యం కూడబలుక్కుంటూ, నేల మీద పరిచిన కాగితాల మధ్య మోకాళ్ళ మీద కదులుతూ. ఆ కథ నాకు ముక్కలు ముక్కలుగా చెప్పారు. ఒక ఊళ్ళో తలుపులన్నీ వీధివైపే తెరుచుకోవాలని ఉత్తర్వు. దారిన పోయేవారు ఎవరైనా లాగి లోపల ఏం జరుగుతోందో చూడవచ్చు. అక్కడ ఒక వడ్రంగి తన ఇంటికి మాత్రం లోపలికి తెరుచుకునే తలుపు బిగించి, దాని వెనక కూర్చుంటాడు. అంతే కథ. ఎవరూ ఎవరినీ చంపరు. ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు.

గురువారం ఉదయానికి డెబ్బైయొక్క కాగితాలు వరుసకు వచ్చాయి. ఒక్కటి మిగిలిపోయింది. ఆ కాగితంలో పొరుగువాడు వచ్చి, "నీకు భయం లేదా?" అని అడుగుతాడు. వడ్రంగి చెక్కకు అరచేయి ఆనించి నవ్వుతాడు. ఆ కాగితం రెండు చోట్ల ఇమిడేది. తలుపు బిగించక ముందు పెడితే అది భయాన్ని కప్పిపుచ్చే నవ్వు. బిగించిన తరువాత పెడితే మరో నవ్వు. రెండు చోట్లా వాక్యాలు చక్కగా కలిసేవి.

"మీరేమంటారు?" అని నన్ను అడిగారు.

"పై వారిని అడగడం మంచిది," అన్నాను. ఆ మాట నాకు అలవాటు.

"పై వారు ఇంకా చదవలేదు. రాసినాయన ఎక్కడున్నాడో తెలియదు. ఇంకో ప్రతి లేదు." నవ్వారు. "అడగడానికి మనిషి లేడు బావగారూ. ఇలాంటిది నా జన్మలో ఎప్పుడూ ఎదురుకాలేదు."

ఆ కాగితాన్ని అరచేతి కింద పెట్టుకుని మధ్యాహ్నమంతా కూర్చున్నారు. జిగురు గడ్డకట్టింది. నేను రెండుసార్లు నడవాలో అటూ ఇటూ తిరిగాను. రెండుసార్లూ ఆయన కదలలేదు. సాయంత్రం లేచి, దానిని తలుపు బిగించిన తరువాతి చోట ఉంచారు.

"పని ముగియక ముందు పనివాడు చెక్కను ముట్టుకుంటే కొలవడానికే ముట్టుకుంటాడు," అన్నారు. "ఊరికే అరచేయి ఆనించేది ముగిశాకే. నేనూ అంతే."

ఆ పుస్తకాన్ని కుట్టడం అప్పుడే పూర్తిచేశారు.

మర్నాడు ఉదయం నడవాలో నాకు ఎదురుపడి, తనకొక కల వచ్చిందన్నారు. ఒక వీధి. రెండు పక్కలా ఆయన ఇన్నేళ్ళూ కుట్టిన పుస్తకాలు ఇళ్ళంత ఎత్తున నిలబడి ఉన్నాయి. అన్నీ కుట్టు ఉన్న వైపు నుంచి తెరుచుకుంటున్నాయి. లోపల దీపాలున్నాయి, ఎవరో మాట్లాడుకుంటున్నారు. లోపలికి రమ్మని ఎవరూ పిలవలేదు, వద్దని ఎవరూ అనలేదు. ఆయన నడుచుకుంటూ పోయారు. ఇంకా కొంత ఉందన్నారు గానీ చెప్పలేదు.

ఆ రోజే అధికారి ఆయన గదికి పత్రం తీసుకుని వచ్చారు. ఆమె మర్యాదస్తురాలు. సభ్యులు చదవక ముందే పాఠకుని సంతకం తీసి ఉంచడం మా దగ్గర పరిపాటి. అందువల్ల పని చురుకుగా సాగేది. నేను సాక్షి సంతకానికి వెంట ఉన్నాను.

"ఇక్కడండీ బైండరు గారూ. మామూలే."

ఆయన పత్రాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నారు.

"ఏమిటి, కొత్తగా చదువుతున్నారు?"

"ఈ వారం అలవాటైపోయింది మేడమ్." చివరిదాకా చదివి బల్ల మీద పెట్టారు. "ఇది నిజం కాదండీ."

"ఏది?"

"పందొమ్మిదిసార్లు చదవకుండానే చదివాననేశాను. ఈసారి నిజంగా చదివాను. కలత కలగలేదు."

"మరేం కలిగింది?" అన్నారామె, చిన్నపిల్లల మాట వింటున్నట్టు నవ్వుతూ.

"కల వచ్చింది."

"కలకూ కలతకూ ఏం తేడా ఉందండీ? ఒక్క అక్షరం."

"అందుకేనండీ, పెద్దగా దిద్దాల్సిన పని లేదు," అని ఆయన కలం తీసుకుని 'త' ఒక్కదానిని అడ్డంగా కొట్టివేసి, కింద సంతకం చేశారు.

ఆమె నవ్వు ఆగిపోయింది. తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించారు. "పెద్దవారు, నేను కోపంగా చెప్పడం లేదు. మీ పొడిగింపు ఉత్తరం వచ్చే నెల నా బల్ల మీదకు వస్తుంది. దీన్ని ఇలాగే పంపితే దాని మీద నేను సంతకం పెట్టలేను. ఈ గది మీకు ఉండదు. ఇంకో పత్రం ఇస్తాను, అక్షరం కొట్టేయకుండా చేయండి. ఎవరికీ తెలియదు."

జిగురాయన గది నలుమూలలా చూశారు. చట్రం, దిమ్మ, దారాలు, పాలమీగడ రంగు అద్దం. "నాకు తెలుస్తుంది కదండీ," అన్నారు.

శుద్ధప్రతి రాయడానికి ఆ వాంగ్మూలం నా బల్లకు వచ్చింది. శుద్ధప్రతిలో అక్షరదోషాలుంటే సరిచేయడం ఆచారమే కదా అని అధికారి ఒక మాట నా చెవిన వేసి వెళ్ళారు. ఆచారమే. అయితే సంతకం ఉన్న వాంగ్మూలాన్ని మక్కీకి మక్కీ దించాలన్నది కూడా నియమమే. ఆ మాట దగ్గర కలం కొంతసేపు ఆగింది. తరువాత ఉన్నది ఉన్నట్టు రాశాను.

మూడు వారాలకు పై కార్యాలయం నుంచి జవాబు వచ్చింది. "సదరు వాంగ్మూలమునందు 'కల' అను పదము కానవచ్చుచున్నది. ఇది పొరపాటు అయినచో సవరింపవలెను. పొరపాటు కానియెడల, సదరు కల యొక్క స్వభావము, అది కొనసాగిన కాలము, అందు కనిపించిన వ్యక్తుల వివరములు వెంటనే పంపవలెను." జిగురాయన జవాబును నాచేతనే రాయించారు. నేను వాడే భాషలోనే ఉండాలని పట్టుబట్టారు. "పొరపాటు కాదు. కల నాది. అందు కనిపించిన వారి అనుమతి లేనిదే వారి వివరములు ఇయ్యజాలను."

ఆ పైన వచ్చిన ఉత్తర్వును కూడా నేనే రాయవలసి వచ్చింది. "వీరు పుస్తకమును నిజముగ చదివినట్లు అంగీకరించినందున, ఇకమీదట వీరిని సామాన్య పాఠకునిగ పరిగణింపరాదు. వీరి సేవాకాలము పొడిగింపబడదు." ఆయన నాచేత దానిని రెండుసార్లు చదివించుకున్నారు. మొదటిసారి కళ్ళు మూసుకుని విన్నారు. రెండోసారి నవ్వారు. ఆ తరువాత చాలాసేపు గిన్నెకు అంటుకున్న జిగురును గోటితో గీకుతూ ఉండిపోయారు. గది వదలడం అంత తేలిక కాలేదు. అది నేను చూశాను కనుక చెబుతున్నాను.

ఆయన సామాను ఒక సంచిలో పట్టింది. నేను ఇంటిదాకా వెంట వెళ్ళాను. అక్కగారు కుట్టుమిషను మీద నుంచి తలెత్తింది.

"ఏమన్నారు?"

"నేను సామాన్యుణ్ణి కానట."

"ఆ ముక్క తేల్చుకోవడానికి వాళ్ళకు ఇన్నేళ్ళు పట్టిందా?" అంది. మిషను ఆపి, కిటికీ పక్కన గుట్టలుగా ఉన్న బట్టలను ఒక్కొక్కటే తీసి మంచం మీదకు చేర్చింది. "వెలుతురు ఇటువైపే బాగుంటుంది. ఒక చట్రం చేయించుకుని ఇక్కడ పెట్టుకో. జిగురు వాసన నా బట్టలకు పట్టిందో, చెబుతా నీ సంగతి."

"పట్టకుండా ఎలా ఉంటుందక్కా?"

"అయితే పట్టనీ."

ఇప్పుడు అక్కడికి వీధిలో వాళ్ళు చిరిగిన పుస్తకాలు తెస్తున్నారు. ఆయన ప్రతిదీ చదివి కుడుతున్నారు. అందువల్ల ఏదీ చెప్పిన రోజుకు కావడం లేదు. అక్కగారు సూదికి దారం ఎక్కిస్తూ, "గట్టిగా చదువు, నాకూ వినబడాలి," అంటుంది. మిషను చప్పుడు వాక్యం పూర్తయ్యేవరకు ఆగి, మళ్ళీ మొదలవుతుంది. సాయంత్రాలు నేను వెళ్ళి గోడవారన కూర్చుంటాను. కొన్నిసార్లు నిద్రపోయానో, వింటున్నానో నాకే తెలియదు.

ఆ పల్చటి పుస్తకం ఇంకా మా కార్యాలయంలోనే ఉంది. పాఠకుని కలత జతపడనిదే ఉత్తర్వు పూర్తికాదు. జిగురాయన స్థానంలో లిఫ్టు నడిపే ఆమెను సామాన్య పాఠకురాలిగా నియమించారు. పత్రం అందివ్వగానే ఆమె, "ఆయనకు వారం ఇచ్చారుగా చదవడానికి. నాకూ ఇవ్వండి," అంది. అధికారి కాదనలేకపోయారు, ఒకరికి ఇచ్చిన సౌకర్యం తరువాతి వారికి నిరాకరించాలంటే కారణం లిఖితపూర్వకంగా చూపాలి, చూపడానికి కారణం లేదు. ఆమె బల్లపీట మీద కూర్చుని, పైకీ కిందికీ పోతూ చదువుతోంది. మనుషులు తమ అంతస్తు దాటిపోయి కూడా మాట్లాడకుండా నిలబడుతున్నారు. వారం గడిచాక మరో వారం అడిగింది. గడువు కోరుతూ పై కార్యాలయానికి పంపే ఉత్తరాలు రాయడం నా వంతు. నిన్న రాసినది ఆరవది. కారణం అనే చోట ఏమి రాయమంటారని లిఫ్టు దగ్గరకు వెళ్ళి అడిగాను. ఆమె పుటలో వేలుంచి తలెత్తి చెప్పిన మాటను మార్చకుండా దించాను.

"ఇంకా ఆలోచిస్తున్నాను."